జూలియన్ గ్రాక్ నవలలు: పఠనక్రమ విచారము

ఫ్రెంచి నవలాకారుఁడగు జూలియన్ గ్రాక్ (1910–2007) అధివాస్తవికులలో నొకఁడుగాఁ బరిగణింపఁబడుచున్నాఁడు. ఈయన యా కూటమిలోఁ జేరినవాఁడు కాఁడు. ఐనను దాని నాయకుఁడగు ఆంద్రే బ్రెతాన్ ఈయన తొలి నవలను మెచ్చెను. ఈయనయు 1948లో బ్రెతాన్‌నుగూర్చి యొక గ్రంథము రచించెను. అందుచే గ్రాక్‌ను జదువఁగోరువారికి 1938లో వెలువడిన యా తొలి నవలయే, ‘ఆర్గోల్ దుర్గము’, ప్రథమసోపానముగాఁ దోఁచుట సహజము. అది పొరపాటని నా యభిప్రాయము.

ఆ నవలలో సంభాషణ మన్నది లేదు. బ్రిటనీ ప్రాంతపుఁ గోటలో నిద్దఱు పురుషులు, ఒక స్త్రీ. చుట్టును అడవి, సముద్రము. విశేషణములపై విశేషణములు పేరుకొని వాక్యము తెగక సాగును. కాదంబరి నెఱిఁగిన మనవారికి దీర్ఘవాక్యము భయము గొలుపదు గాని, బాణుని వర్ణనమును మోయుటకుఁ గథ గలదు. ఇందు వర్ణనమే కథను మ్రింగినది. రఘువంశముతో నారంభించి నైషధమునకుఁ బోవు మన పాఠక్రమమే యిచటను మేలు.

ముందుగాఁ జదువఁదగినది 1958నాఁటి ‘అడవిలో బాల్కనీ’. యుద్ధము ప్రకటింపఁబడియుఁ బోరు సాగని 1939–40 మాసములలో, బెల్జియము సరిహద్దుచెంత ఆర్డెన్ అరణ్యమున, ఒక చిన్న కాంక్రీటుకోటలో గ్రాంజ్ అను సైనికాధికారి కొలఁదిమంది సిపాయీలతో శత్రువునకై వేచియుండును. శత్రువు రాఁడు. మంచు కురియును, చెట్లు చిగుర్చును, మోనా యను యువతితోఁ బరిచయము ప్రేమయగును. మెల్లమెల్లగా నాతనికి యుద్ధమే కలవలెఁ దోఁచును. అసంభవమైన ఘటన యొక్కటియు నిందు లేదు. వింతవస్తువులను బోగుచేయుట యధివాస్తవికత కాదనియు, మేలుకొన్న కన్నులయెదుటనే లోకము స్వప్నమగుట యనియు దీనివలన బోధపడును. గ్రాక్ వృత్తిచే భూగోళ చరిత్రముల నుపాధ్యాయుఁడు. నేలవాలు, నదిమలుపు, పొగమంచు ఈయన కలమున మనుష్యులకన్న సజీవములు. ఇది గుణమే గాక దోషమును. మోనా మానవకాంతయో వనదేవతయో చెప్పరాదు.

పిమ్మట 1951నాఁటి ‘సిర్తుల తీరము’. ఒర్సెన్నా, ఫర్గెస్తాన్ అను కల్పితరాజ్యముల నడుమ మూఁడువందల యేండ్లుగా యుద్ధము నిద్రించుచుండును; ఆల్డో అను యువకుఁడు నావపై హద్దు దాఁటి దానిని మేల్కొలుపును. 1940 మే నెలలో ఆర్డెన్ అడవికి నిజముగా సైన్యములు వచ్చిన కథను ముందే చదివినవానికి ఒర్సెన్నా నిద్ర వట్టి యలంకారముగాఁ గానరాదు. (దీనికి వచ్చిన గోంకూర్ బహుమానమును గ్రాక్ తిరస్కరించెను; సాహిత్యలోకపు వ్యాపారధోరణిని 1950లోనే ఖండించియుండుటచే నది యాతనికిఁ దగియేయున్నది.) ఫ్రెంచి రానివారికి నీ రెండును రిచర్డ్ హోవర్డ్ ఆంగ్లానువాదములలో లభించును.

‘ఆర్గోల్ దుర్గము’ మూఁడవది. అప్పటికిఁ బాఠకుఁడు గ్రాక్ వాక్యపు నడకను మరగియుండును, కథకై తొందరపడఁడు.