గొల్లుమ్ మీద జాలి

ఆదివారం ఆరాధన అయిపోయాక, ఆడవాళ్లు చాపలు చుట్టి, కుర్రాళ్లు మైకు వైర్లు సర్దేలోపు ఓ ముప్పావుగంట సేపు టీనేజీ పిల్లల్ని నాకు అప్పగిస్తారు. పన్నెండేళ్లుగా ఇదే పని. జుట్టు సగం నెరిసినా వాళ్లకి నేను ఇంకా ‘అన్న’నే. మొదట్లో వాక్యం చదివించి, నాలుగు ప్రశ్నలడిగి, కంఠత వచనం అప్పజెప్పించుకుని పంపేసేవాణ్ని. పిల్లల చూపులు మాత్రం నా భుజం మీదుగా గోడ గడియారం మీదే ఉండేవి. ఓ వారం విసుగొచ్చి, బైబిల్ పక్కనపెట్టి స్పైడర్‌మ్యాన్ కబుర్లు మొదలెట్టాను. ఆ రోజు గడియారం వైపు చూసినవాడు లేడు. అలా పట్టుకుంది నాకీ పిచ్చి. సినిమా చూసినా, కామిక్ తిరగేసినా ఇందులో ఆదివారానికి పనికొచ్చేదేముందా అని వెతుక్కోవడం.

పిచ్చి ముదిరిన రోజుల్లో లాప్‌టాప్ పట్టుకెళ్లి ‘స్పైడర్‌మ్యాన్ 2’లో రైలు సీను చూపించాను. 2004లో వచ్చింది. బ్రేకులు లేని రైలుకు అడ్డంగా నిలబడి, స్పైడర్‌మ్యాన్ చేతులు బార్లా చాపి సాలెతాళ్లు పట్టుకుంటాడు. రైలు ఆగుతుంది, అతను తెలివితప్పి ముందుకు వాలిపోతాడు. లోపలి జనం అతన్ని పడిపోకుండా పట్టుకుని, తలల మీదుగా చేతులు మార్చుకుంటూ తీసుకెళ్లి పడుకోబెడతారు. అక్కడ ఆపి, ‘చూశారా, ఆ చేతులు! సిలువ కనిపించడం లేదూ?’ అన్నాను గొంతు కాస్త వణికిస్తూ. వెనక వరసలో పదో తరగతి పిల్ల చెయ్యెత్తింది.

‘చేతులు చాపితే యేసయ్యేనా అన్నా? మరి షారుఖ్ ఖాన్?’

గదంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. ఇంటికెళ్తూ బండి మీద మాత్రం నవ్వు రాలేదు. ఆ పిల్ల అడిగింది తమాషాకే అయినా సరిగ్గా అడిగింది.

పోలికలు ఏరడం కష్టమేమీ కాదు. సినిమావాళ్లే ఏరి పెడుతున్నారు. 2013 నాటి ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’లో సూపర్‌మ్యాన్ వయసు 33. సలహా కోసం చర్చికి వెళ్తే, అతని వెనక అద్దాల కిటికీలో గెత్సేమనే తోటలో ప్రార్థిస్తున్న ప్రభువు కనిపిస్తాడు. ఆ సినిమాకి స్టూడియో ప్రసంగం నోట్సు కూడా తయారుచేయించి అమెరికాలో పాస్టర్లకు అందించింది. టికెట్లు తెగాలిగా! అసలు 1938లో సూపర్‌మ్యాన్‌ని లోకానికి పరిచయం చేసింది జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు యూదు యువకులు. పసివాణ్ని రాకెట్లో పెట్టి వదిలిన ఆ తల్లిదండ్రుల్ని చూస్తే నాకు క్రీస్తు కంటే ముందు జమ్ముపెట్టెలో మోషే గుర్తొస్తాడు.

‘మ్యాట్రిక్స్’ (1999) ఇంకో రకం. అందులో నెబుకద్నెజరు పేరు పెట్టిన ఓడకు ఓ లోహపు పలక ఉంటుంది. దాని మీద ‘మార్క్ 3, నంబర్ 11’ అని చెక్కి ఉంటుంది. మార్కు సువార్త 3:11 తీసి చూడండి. అపవిత్రాత్మలు ఆయన ఎదుట సాగిలపడి, నువ్వు దేవుని కుమారుడివని కేకలు వేసే చోటది. ఇది తెలిసిన రోజు పజిల్ విప్పినంత సంబరపడ్డాను. మరి సోమవారం స్టాఫ్‌రూమ్‌లో అబద్ధం ఆడబోయేవాణ్ని ఆ పలక ఆపుతుందా? నన్నయితే ఆపలేదు.

కథతో మనిషిని ఆపే విద్యలో నాకు గురువెవరంటే, ఆలస్యంగా తెలిసొచ్చింది, నాతాను ప్రవక్త. దావీదు రాజు పరాయివాడి భార్యను తెచ్చుకుని, ఆమె భర్త ఊరియాను యుద్ధంలో చంపించాడు. రాజుకి బుద్ధి చెప్పడమెలా? నాతాను వెళ్లి కథ చెప్పాడు. మందలున్న ధనవంతుడొకడు, ఇంటికొచ్చిన చుట్టానికి వండిపెట్టడం కోసం పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కున్నాడట. ఆ పిల్ల పేదవాడి కంచంలోనే తిని, వాడి ఒళ్లోనే పడుకునేదట. దావీదు చిన్నప్పుడు గొర్రెలు కాసినవాడు. ఏ కథ ఎక్కడ తగులుతుందో నాతానుకి తెలుసు. రాజు మండిపడి తీర్పు చెప్పేదాకా ఆగి, అప్పుడు వేలు అతని వైపే తిప్పాడు. ఆ కథలో దేవుణ్ని పోలినవాడు ఎక్కడున్నాడు? ఎక్కడా లేడు. వినేవాడు మాత్రం ఉన్నాడు.

అప్పట్నుంచి నా వెతుకులాట దిక్కు మారింది. ఈ కథలో క్రీస్తెవరు అని కాక, మనం ఎక్కడ దొరికిపోతాం అని చూడటం మొదలెట్టాను. అలా మళ్లీ చదివితే ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ వేరే పుస్తకమైపోయింది.

అది రాసిన టోల్కీన్ గట్టి కాథలిక్కు. తన పుస్తకం మూలంలో మతపరమైనదనీ, కాథలిక్కు రచన అనీ 1953లో తన మిత్రుడికి ఉత్తరం రాశాడు. అయినా ఆ కథలో గుడి లేదు, పాస్టరు లేడు, ప్రార్థన ఉందా అంటే ఉండీ లేనట్టే. ప్రతి పాత్రకీ ఒక అర్థం అంటగట్టే ప్రతీక కథలంటే ఆయనకి ఒళ్లుమంట. చేసిన గుర్తులు కూడా చెప్పకుండా చేశాడు. దుష్టశక్తి ఉన్న ఉంగరాన్ని నాశనం చేయడానికి బృందం రివెండెల్ నుంచి బయల్దేరేది డిసెంబరు 25న. ఉంగరం కరిగిపోయేది మార్చి 25న, అంటే గబ్రియేలు దూత మరియమ్మకు కబురు చెప్పిన పండుగ రోజున. పుస్తకం చివర అనుబంధంలో ఆ తేదీలు ఉంటాయంతే. పక్కన వివరణ లేదు. నేనైతే మూడు స్లైడ్లు వేసి పిల్లల్ని చంపేసేవాణ్ని.

అసలు సంగతి ఆ మార్చి 25న జరిగింది. ఉంగరాన్ని అగ్నిపర్వతంలో పడేయడానికి ఫ్రోడో నెలల తరబడి నడిచాడు. తిండి లేదు, నీళ్లు లేవు. ఆఖరి ఎత్తు మీద తోడొచ్చిన శామ్ అతన్ని వీపు మీద మోశాడు. తీరా ఆ నిప్పు అంచున నిలబడ్డాక ఫ్రోడో పడెయ్యనన్నాడు. ఇది నాదన్నాడు, వేలికి తొడుక్కున్నాడు. లోకాన్ని కాపాడాల్సినవాడు చివరి అడుగులో ఓడిపోయాడు. అప్పుడు ఆ ఉంగరం కోసమే వెంటపడిన గొల్లుమ్ మీదపడి, వేలితో సహా ఉంగరాన్ని కొరికి లాక్కుని, ఆనందంతో గంతులేస్తూ అడుగు తప్పి నిప్పుల్లో పడ్డాడు. ఉంగరం పోయింది. సినిమాలో (2003) ఫ్రోడో మళ్లీ కలబడితే ఆ పెనుగులాటలో గొల్లుమ్ పడతాడు. తెర మీద ఊపుకి అది సరిపోయిందేమో గానీ, నాకు పుస్తకమే ఇష్టం. అక్కడ ఫ్రోడో చెయ్యగలిగింది ఇంకేమీ మిగల్లేదు.

మరి కాపాడిందెవరు? వెనక్కి వెళ్లాలి. ఎన్నో ఏళ్ల కిందట, ఫ్రోడోకి ముందు ఉంగరం దొరికిన బిల్బో చేతిలో కత్తి ఉంది, ఎదురుగా గొల్లుమ్ ఉన్నాడు. జాలిపడి పొడవలేదు. అప్పుడే చంపి ఉండాల్సిందని మొదట్లో విసుక్కున్న ఫ్రోడో కూడా, వాణ్ని కళ్లారా చూశాక చంపలేకపోయాడు. ఆఖరికి, గొల్లుమంటే గిట్టని శామ్ సైతం ఆ కొండ మీద కత్తెత్తి దించేశాడు. ఆ మూడు సార్లలో ఏ ఒక్కసారి కత్తి దిగినా, ఫ్రోడో ఓడిన ఆ రోజున ఉంగరం వేలికే ఉండిపోయేది. టోల్కీన్ తన ఉత్తరాల్లో ఈ ఘట్టాన్ని ప్రభువు నేర్పిన ప్రార్థనతో ముడిపెట్టాడు. అప్పులు క్షమించమని, శోధనలోకి తేవద్దని అడిగే మాటలతో. వారం వారం గడగడా అప్పజెప్పే ఆ ప్రార్థనలో ఈ రెండు విన్నపాలు పక్కపక్కనే ఎందుకున్నాయో నాకు తెలిసింది ఏ ప్రసంగంలోనూ కాదు, ఆ కొండ మీద.

సంఘంలో పెద్దలు కొందరికి నా వరస నచ్చదు. ‘దేవుని మందిరంలో సినిమాలేంటి తమ్ముడూ?’ అని ఓ పెద్దాయన మెత్తగానే అడిగారు. ఆయన యవ్వనంలో ‘కరుణామయుడు’ (1978) చూసి కన్నీళ్లు పెట్టుకున్నవారే. ఆ సినిమాను తెల్లగుడ్డ కట్టి ఊరూరా చూపించారు. కవి జాషువా ‘క్రీస్తు చరిత్ర’ను పద్యాల్లో రాస్తే 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అంతెందుకు, ఏథెన్సులో పౌలు గ్రీకు కవుల మాటల్నే ఎత్తుకుని మాట్లాడాడు. ఇవన్నీ ఏకరువు పెట్టలేదు. ‘చూద్దాం లెండి అంకుల్’ అని ఊరుకున్నాను. ఆయన భయంలోనూ న్యాయముంది. కథ మోజులో పడి వాక్యం వాసన చూపించి వదిలేసిన ఆదివారాలు నాకూ ఉన్నాయి. ఆయనతో పోలిస్తే, హ్యారీ పాటర్ మంత్రాల పుస్తకమని మనవడి చేతిలోంచి లాగేసిన మామ్మగారితోనే నాకు పేచీ. ఏడో పుస్తకంలో రెండు సమాధుల మీద రెండు బైబిల్ మాటలున్నాయి, 1 కొరింథీ 15:26, మత్తయి 6:21. లాగేసేముందు చదివి ఉంటే ఆవిడ టక్కున గుర్తుపట్టేది.

ఫ్రోడో కథ చెప్పిన రోజు సిలువ పేరెత్తలేదు, అన్వయం చెప్పలేదు. వేలు తెగిన దగ్గర ఆపేశాను. అందరూ చెప్పులేసుకుంటుంటే ఓ కుర్రాడు ఆగాడు. మెడికల్ సీటు రాక రెండోసారి లాంగ్‌టర్మ్ చదువుతున్నాడు, ఈ మధ్య చర్చికే సరిగ్గా రావడం లేదు.

‘ఇంటికొచ్చాక ఫ్రోడోని ఎవరూ ఏమీ అనలేదా అన్నా?’

‘లేదురా. ఊరికి బయల్దేరకముందే గొప్ప సన్మానం చేశారు.’

‘మరి వాడు బాగానే ఉన్నాడా?’

దీనికి నా దగ్గర తయారు జవాబు లేదు. బాగా లేడని చెప్పాను. పాత గాయాలు ఏటా అవే తేదీలకు సలిపేవని, చివరికి ఊళ్లో ఉండలేక ఓడెక్కి వెళ్లిపోయాడని చెప్పాను. వాడు కాసేపు చెప్పుల వైపు చూసి, పుస్తకం ఉందా అన్నాడు. మర్నాడు మూడో భాగం ఇచ్చాను. మొదటి రెండూ చదవకుండా అదెందుకురా అంటే వినలేదు.

మొన్న ఆదివారం గేటు దగ్గర వాళ్లమ్మ పట్టుకుంది. ‘అన్నయ్యగారూ, మావాడికేదో లావుపాటి పుస్తకం ఇచ్చారంట. రాత్రి ఒంటిగంటైనా లైటు ఆర్పట్లేదు. బైబిలు గురించేనా?’

‘కాదమ్మా,’ అన్నాను. ‘అయ్యగారికి మాత్రం చెప్పకండి.’