చెవితో చేసే టింకరింగ్

పాత కారులో మోత తగ్గించమని అడిగితే చాలా షాపుల్లో ముందుగా చూపించేది వెండి రంగు షీట్ల చుట్ట. తలుపులకు ఇంత, ఫ్లోరుకు ఇంత, డిక్కీకి ఇంత అని లెక్కకట్టి సాయంత్రం వచ్చి బండి తీసుకెళ్ళమంటారు. విజయవాడ ఆటోనగర్‌లో నేను పక్కన కూర్చుని చూసిన మేస్త్రీ గారు మాత్రం మొదట డిక్కీ తెరిచి జాకీ, పానా, స్టెప్నీ కింద పెట్టించారు. తర్వాత డ్యాష్‌బోర్డు అరలోని చిల్లర, యాష్‌ట్రేలో ఎప్పటివో రెండు పిన్నీసులు, సీటు కింద దొర్లుతున్న పెన్ను బయటికొచ్చాయి. "ముందు బండిని ఖాళీ చేద్దాం మాస్టారూ. మోతలో వీటి వాటా ఎంతో తేలిపోతుంది" అన్నారు.

మాస్టారంటే బండి యజమాని. లెక్కల పంతులుగా రిటైరయ్యారు. బండి మారుతీ 800, కార్బురేటర్ రోజులది. 1983 డిసెంబరులో రోడ్డెక్కి 2014 జనవరి దాకా తయారైన ఆ మోడల్ బరువు సుమారు 650 కిలోలే. రేకు పలచన, లోపల మెత్త తక్కువ. మధ్యతరగతి కొనగలిగే ధరకూ, అది ఇచ్చిన మైలేజీకీ ఆ తేలికతనమే కారణం. ఇరవై పాతికేళ్ళు తిరిగాక క్లిప్పులు విరుగుతాయి, రబ్బర్లు గట్టిపడతాయి, తలుపులు కొంచెం జారతాయి. అప్పుడు పలచని రేకు ప్రతిదాన్నీ డప్పులా చాటడం మొదలుపెడుతుంది.

ఖాళీ చేసిన బండిని మేస్త్రీ గారు నడపరు. శిష్యుడికి స్టీరింగ్ ఇచ్చి తాను వెనక సీట్లో కూర్చుంటారు. అద్దాలన్నీ ఎత్తించి, ఫ్యాన్ ఆపించి, మాట్లాడొద్దంటారు. మొదట ఆటోనగర్ లోపలి గతుకుల సందుల్లో నడక వేగంతో తిప్పిస్తారు. వదులైనవన్నీ అక్కడ బయటపడతాయి: బుష్షులు, తలుపు కొండీలు, డోర్ ప్యాడ్లు. తర్వాత బందరు రోడ్డెక్కి అరవైలో పోతే టైర్ల హోరు, గాలి వినిపిస్తాయి. చివరికి షెడ్డు ముందు బండి ఆపి ఇంజన్ ఆన్‌లోనే ఉంచితే, కదలని బండిలో మోగేవేవో తెలుస్తాయి. ఈ మూడు చోట్ల విన్నవాటిని మూడు కుప్పలుగా విడదీసేసరికి ఆయన పని సగం అయిపోయినట్టే.

దారిలో రోడ్డు ఖాళీగా ఉన్నచోట "న్యూట్రల్ చెయ్‌రా" అన్నారు ఒకసారి. ఇంజన్ శబ్దం పడిపోయినా హోరు అలాగే ఉంది. అంటే అది చక్రాల వైపు నుంచి వస్తోంది. మెల్లగా కుడివైపు వంపు తీయించారు. బేరింగ్ పోయుంటే, బరువు ఎడమ చక్రం మీదికి ఒరిగినప్పుడు ఎడమ బేరింగ్ గొంతు పెంచుతుంది. గొంతు మారలేదు. దాంతో బేరింగ్ అనుమానం తీరిపోయి టైర్లే మిగిలాయి. షెడ్డుకొచ్చాక ఆయన టైరు మీద అరచేతిని ఒకవైపు నుంచి రెండోవైపుకు జరిపి, మళ్ళీ వెనక్కి లాగారు. ఒక దిశలో నున్నగా ఉంది, ఎదురు దిశలో అంచులు చేతికి గీరుకుంటున్నాయి. అలైన్‌మెంట్ తప్పిన చక్రం రాసుకుంటూ తిరిగితే అలా అరుగుతుంది. టైరు పక్కన అచ్చయిన నాలుగంకెలు చదివారు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. "గోరు దిగట్లేదు, బాగా ముదిరిపోయింది. దీన్ని ఉంచుకుని ఫ్లోరుకు ఎన్ని షీట్లేసినా దండగండీ." షీట్లు అమ్ముకునే మనిషి నోట ఆ మాట రావడం దగ్గరే ఆయన మీద నాకు గురి కుదిరింది.

షెడ్డు ముందు నిలిపిన బండిలో డ్యాష్‌బోర్డు కింద నుంచి ఒక సన్నని గిర్రు వినిపిస్తోంది. యాక్సిలరేటర్ కాస్త తొక్కితే పోతుంది, వదిలితే వస్తుంది. మాస్టారు అక్కడే లెక్క చెప్పేశారు. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో మూడు సిలిండర్లూ కలిపి రెండు చుట్లకు మూడుసార్లు మండుతాయి. నిమిషానికి 800 చుట్లయితే సెకనుకు 20 కుదుపులు. ఆ 20కి సరిగ్గా ఊగే గుణం ఉన్న వస్తువేదో లోపలుంది, ఇంజన్ వేగం మారగానే దానికి ఆ జత తప్పుతోంది. మేస్త్రీ గారు లెక్క పూర్తిగా విన్నారు. తర్వాత చేత్తో ఒక్కొక్క వైరు కట్టనూ నొక్కుతూ పోయి, హీటర్ పెట్టె పక్కన బ్రాకెట్‌కు తగులుతున్న కేబుల్ దగ్గర ఆగారు. నొక్కితే శబ్దం ఆగింది, వదిలితే మొదలైంది. ఫెల్టు ముక్క చుట్టి, కట్టు కట్టారు. మాస్టారి లెక్క తప్పేమీ కాదు. శబ్దం ఎందుకు వస్తోందో లెక్క చెప్పింది, ఎక్కడుందో వేలు చెప్పింది.

అసలు పనితనం చూడాలంటే తలుపు విప్పేటప్పుడు చూడాలి. అద్దం దించే హ్యాండిల్ వెనక గుర్రపు లాడంలాంటి చిన్న తీగ క్లిప్పు ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే ప్యాడు మీద గీత పడుతుంది, క్లిప్పు ఎగిరి ఎక్కడో పడుతుంది. ఆయన ఒక పాత బనియన్ గుడ్డను హ్యాండిల్‌కూ ప్యాడుకూ మధ్య దూర్చి, రెండు చివరలూ పట్టుకుని అటూ ఇటూ లాగారు. గుడ్డ పోగులు క్లిప్పు చెవుల్ని పట్టుకున్నాయి, టిక్కుమని క్లిప్పు ఆయన ఒళ్ళో పడింది. దాన్ని జేబులో వేసుకోరు, అయస్కాంతం అంటించిన పళ్ళెంలో వేస్తారు. ఏ తలుపు సామాను ఆ తలుపు పళ్ళెంలోనే.

ప్యాడు ఊడదీశాక లోపల గత మెకానిక్కుల చరిత్రంతా కనిపించింది. తొమ్మిది క్లిప్పులు ఉండాల్సిన చోట నాలుగున్నాయి. మిగిలినచోట్ల ఎవరో నేరుగా రేకులోకి స్క్రూలు బిగించారు. పాలిథిన్ కాగితం సగం చిరిగిపోయింది. ఆ కాగితాన్ని చాలామంది చెత్తనుకుని పారేస్తారు. అద్దం వెంట తలుపులోకి దిగే వాన నీరు ప్యాడును తడపకుండా కాపాడేది అదే. ఆయన దాన్ని కొలతకు కొత్తగా కత్తిరించుకుని పక్కన పెట్టుకున్నారు. తర్వాత లాక్ నుంచి హ్యాండిల్‌కు పోయే సన్నని రాడ్లు. వాటిని పట్టే ప్లాస్టిక్ కొక్కెం అరిగిపోయి రాడ్డు రేకుకు కొట్టుకుంటోంది. గతుకులో వినిపించిన టకటక దీనిదే. కొక్కెం కొత్తది వేసి, తగిలే చోట గుడ్డ టేపు చుట్టారు. నల్లటి కరెంటు టేపు ఎందుకు వాడరని అడిగితే, "మే నెలలో జిగురు కారిపోద్దండీ. అప్పుడు మోత పోదు, పైగా చేతికి బంక" అన్నారు.

రేకును మెటికతో కొడుతూ వింటారు. అంచుల దగ్గర డబ్బుమంటుంది, మధ్యలో టంగుమని సాగుతుంది. ఎక్కువగా ఊగేది మధ్య భాగమే. షీటు ముక్క అక్కడే పడాలి. ఆయన వాడేది అల్యూమినియం పొర వేసిన బ్యూటైల్ రబ్బరు. రేకు వంగినప్పుడల్లా, రేకుకూ పైనున్న అల్యూమినియానికీ మధ్య ఇరుక్కున్న రబ్బరు కోతకు గురవుతుంది. ఊపులోని శక్తి ఆ రబ్బరులో వేడిగా మారి పోతుంది. ఇందుకు రేకంతా కప్పనక్కరలేదు. నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా, సరైన చోట వేస్తే టంగు పోయి డబ్బు మిగులుతుంది. చౌకగా దొరికే తారు షీట్లు ఆయన షెడ్డులో కనిపించవు. ఎండలో నిలిపిన కారు లోపల మన వేసవిలో 60 డిగ్రీలు దాటుతుంది. తారు మెత్తబడి జారుతుంది, వారాల తరబడి వాసన వదలదు.

రేకును థిన్నర్‌తో తుడిచి, ఆరనిచ్చి, ముక్క పెట్టి చిన్న రోలరుతో నొక్కుతారు. షీటు మీద గళ్ళ అచ్చు ఉంటుంది. ఆ గళ్ళు అణిగి నున్నబడేదాకా రోలరు ఆగదు. ఎందుకంటే కింద గాలి బుడగ మిగిలితే అక్కడ జిగురు పట్టదు, ముక్క బరువు పెంచడానికే తప్ప ఎందుకూ పనికిరాదు. తలుపు అడుగున నీరు పోయే రంధ్రాల దగ్గరికి వచ్చేసరికి చేయి మరీ నెమ్మదిస్తుంది. ఒక్క ముక్క అంచు కూడా రంధ్రం మీదికి రాకూడదు. వచ్చిందా, నీరు లోపలే నిలిచి ఒకటి రెండు వానాకాలాలకే తలుపు అడుగు తుప్పు పడుతుంది. ప్యాడు బిగించే ముందు శిష్యుడు చెంబుతో అద్దం గాడిలో నీళ్ళు పోశాడు. కింద రంధ్రాల నుంచి ధార పడ్డాకే క్లిప్పులు నొక్కారు.

స్క్రూలు బిగించడంలో ఆయన చేయి మరో రకం. ఇనుములోకి వెళ్ళేది గట్టిగా, ప్లాస్టిక్‌లోకి వెళ్ళేది రెండు వేళ్ళతో. పాత ప్లాస్టిక్‌ను బిగిస్తే చీలుతుంది, చీలిన చోటు రేపు కొత్త మోత. ప్లాస్టిక్‌కు ప్లాస్టిక్ రాసుకుని కిర్రుమనే చోట బిగింపు అసలే పనిచేయదు. అతుక్కోవడం, జారడం, మళ్ళీ అతుక్కోవడం వల్ల వచ్చే శబ్దమది. రెండింటి మధ్య ఫెల్టు పొర వేస్తే అతుక్కోవడమే ఉండదు. తలుపు బీడింగ్ రబ్బరుకు గ్రీజు రాయనివ్వరు. పెట్రోలియం గ్రీజుకు చాలా రకాల రబ్బర్లు ఉబ్బుతాయి. సిలికాన్ గ్రీజు పలచగా తుడుస్తారు, లేదంటే ఇంట్లో పిల్లలకు రాసే పౌడరే చాలంటారు.

తలుపు సరిగ్గా కూర్చుందో లేదో చూసేందుకు ఒక రసీదు కాగితం చాలు. కాగితాన్ని బీడింగ్ మీద ఉంచి తలుపు మూసి లాగాలి. బిగుతుగా వస్తే రబ్బరు పట్టింది, జారి వచ్చేస్తే అక్కడ సందుంది. తలుపు చుట్టూ పదిచోట్ల లాగి, వెనక పైమూల వదులని తేల్చారు. స్తంభం మీది కొండీ చుట్టూ పెన్సిల్ గీత గీసి, బోల్టు వదులు చేసి, గీతకు దారమంత లోపలికి జరిపి బిగించారు. ఎంత జరిపారో గీత చూపిస్తుంది. నచ్చకపోతే పాత చోటుకు తిరిగి రావచ్చు. చేసిన పనిని వెనక్కి తీసుకునే దారి ఉంచుకోవడం నాకు ఈ షెడ్డులో అన్నిటికంటే నచ్చిన అలవాటు.

సందుల విషయంలో ఆయన పట్టుదలకు లెక్క కూడా వత్తాసు పలుకుతుంది. ఎంత మందంగా కప్పిన గోడకైనా నూటికి ఒక వంతు రంధ్రం మిగిలితే ఆ గోడ 20 డెసిబెళ్ళకు మించి ఆపలేదు. అందుకే ఇంజన్‌కూ కాళ్ళకూ మధ్యనున్న రేకులో కేబుళ్ళు దూరే చోట్ల రబ్బరు గ్రామెట్లను ఒక్కొక్కటే చూశారు. స్పీడోమీటర్ కేబుల్ చుట్టూ ఉన్నది ఎండి చిట్లిపోయింది. దాని ఖరీదు టీ ఖర్చుకు మించదు. గేరు రాడ్డు చుట్టూ ఉండే రబ్బరు తొడుగు చిరిగింది, అదీ మార్చారు.

ఫ్లోరు మ్యాట్ ఎత్తినప్పుడు మాత్రం పని ఆగిపోయింది. డ్రైవరు కాళ్ళ కింద ఫెల్టు చెమ్మగా ఉంది, రేకు మీద ఎర్రటి పొక్కులు. తుప్పు మీద షీటు కప్పనన్నారు. బండి ముందు టింకరింగ్ షెడ్డుకు వెళ్ళాలి, తుప్పు గీకి, అవసరమైతే ముక్క వేసి, ప్రైమర్ కొట్టించుకుని రావాలి. బుష్షులు కూడా ఆయన చేయరు, పక్క వీధికి పంపిస్తారు. పంపుతూ శిష్యుడితో ఒక్క మాట చెప్పారు: "బండి జాకీ మీదుండగా ఆర్మ్ బోల్టులు ఫైనల్ బిగింపు వెయ్యొద్దని చెప్పు. చక్రాలు నేల మీద ఆనాకే." రబ్బరు బుష్షు బోల్టును చక్రం వేలాడుతుండగా బిగిస్తే, బండి కిందికి దించగానే రబ్బరు మెలిపడి, అలాగే ఉండిపోయి త్వరగా చిరుగుతుంది. మంచి బుష్షు కొని కూడా చాలామంది నష్టపోయేది ఇక్కడే.

మాస్టారు ఫోన్‌లో డెసిబెళ్ళు కొలిచే యాప్ పెట్టుకొచ్చారు. పనికి ముందూ తర్వాతా కొలిస్తే అంకె మూడో నాలుగో తగ్గింది. శబ్ద శక్తి సగమైనా అంకె మూడే తగ్గుతుంది, చెవికి మోత సగమనిపించాలంటే పది తగ్గాలి. ఆయన ముఖం చిన్నబోయింది. కానీ సరాసరి అంకెలో టకటకలకు చోటుండదు. మనిషి చెవికి ఆగి ఆగి వచ్చే చిన్న టక్కు, ఆగకుండా వచ్చే హోరు కంటే ఎక్కువ చిరాకు. బండిలో మాయమైనది ఆ చిరాకే. యాప్‌ను నమ్మి ఈ పనికి విలువ కట్టడం అన్యాయమని నా అభిప్రాయం.

మొత్తం బండికి షీట్లు వేయించుకుంటానని మాస్టారు ఒక ప్రయత్నం చేశారు. రెండు మిల్లీమీటర్ల బ్యూటైల్ చదరపు మీటరుకు సుమారు 3 కిలోలుంటుంది. 40 హార్స్‌పవర్ లోపు ఇంజన్‌కు అదనంగా ఒక పిల్లవాణ్ణి ఎప్పుడూ కూర్చోబెట్టినట్టే. మేస్త్రీ గారు ఒప్పుకోలేదు. రూఫ్ మధ్యలో రెండు ముక్కలు, వెనక చక్రాల గూళ్ళ మీద రెండు, అంతటితో సరి.

ఇంకొకటి మిగిలింది. డెబ్బై దాటితే డ్రైవరు పక్క సైడ్ మిర్రర్ దగ్గర సన్నని ఈల. వేగం రెట్టింపైతే గాలి శబ్దం దాదాపు 18 డెసిబెళ్ళు పెరుగుతుంది, ఆ అద్దం ఆకారం మారితే తప్ప అది పోదు. దానికేం చేద్దామని మాస్టారు అడిగారు. మేస్త్రీ గారు పళ్ళేలు తుడుచుకుంటూ, "ముందు టైర్లు మార్చండి మాస్టారూ. ఈ వయసులో అరవై దాటకండి, ఈల వినపడదు" అన్నారు. అన్నది బండి వయసు గురించో మాస్టారి గురించో ఆయన చెప్పలేదు, మాస్టారు అడగలేదు.