చుక్కా? మచ్చా?

ఏప్రిల్ నెలాఖరున రాత్రి పదకొండు గంటల వేళ అంతర్వేది తీరంలో దక్షిణానికి తిరిగి నిలబడితే, సముద్రం మీద సుమారు 26 డిగ్రీల ఎత్తులో ఒమేగా సెంటారీ ఉంటుంది. కంటికి మసక చుక్క. కెమెరాకి దాదాపు కోటి నక్షత్రాల ముద్ద. లండన్‌లో ఉండేవాళ్లకు అది ఎన్నడూ ఉదయించదు. మన కోనసీమకు మాత్రం ఏటా వేసవిలో ఎదురుగా వచ్చి నిలుస్తుంది. దాన్ని ఫొటో తీయబోతే ఆ వేసవే మొదటి అడ్డంకి.

ఆ రోజుల్లో అర్ధరాత్రి కూడా ఉక్కపోతే. కెమెరా సెన్సర్ బయటి గాలికన్నా వేడెక్కుతుంది. వేడి ఆరేడు డిగ్రీలు పెరిగితే చాలు, వెలుతురు అసలు పడకపోయినా సెన్సర్‌లో పుట్టే దొంగ సంకేతం ఇంచుమించు రెట్టింపవుతుంది. దానికి తోడు తేమ. ఊళ్ల దీపాలూ, రొయ్యల చెరువుల గట్ల మీద లైట్లూ ఆ తేమలో చెదిరి ఆకాశమంతా పరుచుకుంటాయి. ఇవన్నీ కలిసి ఫొటో నిండా రంగురంగుల గరుకుతనంగా తేలతాయి. దాన్నే నాయిస్ అంటాం.

ఇప్పుడు దీనికి మందు సులువుగానే దొరుకుతోంది. నాయిస్‌ను తుడిచే ప్రోగ్రాముల్లో నాయిస్‌ఎక్స్‌టెర్మినేటర్ కొనుక్కోవచ్చు, గ్రాక్స్‌పెర్ట్ ఉచితంగా వస్తుంది. రెండూ ఆకాశం ఫొటోల కోసమే చేసినవి, రెండూ బాగా పనిచేస్తాయి. కొత్తగా ఈ పనిలోకి వచ్చే కుర్రాళ్లు ఒక్క ఫ్రేమ్ తీసి, నేరుగా డీనాయిజ్ నొక్కి, నున్నగా తేలిన బొమ్మను నాకు పంపిస్తుంటారు. వాళ్లకు నేను చెప్పే మాట ఒక్కటే: నాయిస్‌తో తేల్చుకోవలసింది ముందు ఆకాశం కిందే. సాఫ్ట్‌వేర్ వంతు ఆఖర్న, అదీ కొద్దిగా.

వరద రోజుల్లో గోదావరి ఎర్రనీళ్లను బిందెలో పట్టి, చిల్లగింజ అరగదీసి కలిపి, తేరుకునేదాకా కదపకుండా ఉంచేవారు మన పెద్దవాళ్లు. స్టాకింగ్ అలాంటి ఓర్పు పని. ఒకే చోటును పదేపదే తీసి ఫ్రేములన్నిటినీ సగటు చేస్తే, నక్షత్రం ప్రతి ఫ్రేములోనూ ఉంటుంది కనుక నిలుస్తుంది. నాయిస్ ఒక్కోదాంట్లో ఒక్కోలా పడుతుంది కనుక అణిగిపోతుంది. 16 ఫ్రేములు కలిపితే అది నాలుగో వంతుకు తగ్గుతుంది, 64 కలిపితే ఎనిమిదో వంతుకు. పని నాలుగింతలు, ఫలితం రెండింతలు. ఈ లెక్క దగ్గరే చాలామందికి ఓపిక చచ్చిపోతుంది. లెన్సుకి మూత పెట్టి, అదే వేడిలో, అంతే ఎక్స్‌పోజర్‌తో డార్క్ ఫ్రేములు కూడా తీసుకోవాలి. ఎప్పుడూ ఒకేచోట వెలిగే హాట్ పిక్సెళ్లు వాటితో చాలావరకు పోతాయి.

రొయ్యల చెరువుల వెలుగు సంగతి వేరు. ఆకాశం మీది ఆ నారింజ రంగును కంప్యూటర్లో సులువుగా తీసివేయవచ్చు. కానీ వెలుగును తీసేసినంత మాత్రాన, దానితోపాటు వచ్చిన గరుకుతనం పోదు. కాంతి రేణువులు లెక్కగా పడవు, ఒక ఫ్రేములో ఎక్కువ, మరో ఫ్రేములో తక్కువ. ఆ హెచ్చుతగ్గులు అలాగే మిగిలిపోతాయి. అందుకే మారేడుమిల్లి అడవి చీకటిలో ఒక గంట మన ఊరి డాబా మీద చాలా రాత్రులకు సమానం.

ఏది నక్షత్రం, ఏది మచ్చ అన్న తగువు కంప్యూటర్లతో పుట్టింది కాదు. 1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళ శాస్త్రవేత్తలు ఆకాశం మొత్తాన్నీ గాజు పలకల మీద ఫొటో తీయాలని సంకల్పించారు. ఆ పనిలో దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ హైదరాబాదు నిజామియా వేధశాల వంతుకు వచ్చింది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన ఆ సంస్థలో డైరెక్టర్ పోకాక్, ఆయన తరవాత టి.పి. భాస్కరన్ ఏళ్ల తరబడి పలకలు తీయించి, లక్షల నక్షత్రాల స్థానాలు కొలిపించారు. అదే ప్రణాళికలో పటాల కోసం కొన్ని వేధశాలలు ఒకే పలకను మూడుసార్లు, ప్రతిసారీ టెలిస్కోపును ఇసుమంత జరిపి, ఎక్స్‌పోజ్ చేసేవి. నిజమైన నక్షత్రం మూడు చుక్కల చిన్న త్రిభుజంగా పడుతుంది. దుమ్మూ, పూత లోపమూ ఒంటరి చుక్కగా దొరికిపోతాయి. నాకు ఈ ఉపాయం కన్నా అందమైన డీనాయిజ్ ఇంతవరకు కనిపించలేదు. ఇప్పుడు మనం ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య, నక్షత్రాల వెంట కెమెరాను తిప్పే ట్రాకర్‌ను కాస్త జరిపే డిథరింగ్‌లో ఉన్న తర్కమూ ఇదే.

సాఫ్ట్‌వేర్‌కు ఈ సాక్ష్యం అక్కర్లేదు. అది నేర్చుకున్న పోలికలను బట్టి ఊహిస్తుంది. కన్యారాశిలో మసక మచ్చల్లా ఉండే చిన్న గెలాక్సీలను గట్టి సెట్టింగులో తుడిచేయగలదు. పిట్టల ఈకలూ మనుషుల చర్మమూ చూసి నేర్చుకున్న మామూలు ఫొటో ప్రోగ్రాములైతే, గరుకుతనాన్ని పురుగుల్లాంటి గీతలుగా అల్లి నెబ్యులాలో కలిపేస్తాయి. అందుకే స్టాక్ చేశాక, స్ట్రెచ్ చేయకముందే, అంటే మసక వివరాలు కనబడేలా వెలుగు పెంచకముందే, తక్కువ మోతాదులో డీనాయిజ్ వాడతాను. ముందూ వెనకా బొమ్మలను పక్కపక్కన పెట్టి చూస్తాను. తేడాగా తీసివేసిన పొర ఒట్టి గరుకుగా ఉంటే సరే. అందులో నక్షత్రాల ఆకారమో, నెబ్యులా అంచో కనిపిస్తే మోతాదు తగ్గిస్తాను. ఫొటో కింద ఏ ప్రోగ్రామ్ వాడానో రాస్తాను. పోటీలు పెట్టేవాళ్లు కూడా ఇది అడగాలని నా కోరిక.

హైదరాబాదు పలకల కొలతలు 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో, ఉపగ్రహం కొలిచిన స్థానాల పక్కన పనికొచ్చాయి. ఇన్ని దశాబ్దాల్లో నక్షత్రాలు ఎంత జరిగాయో ఇలాంటి పాత కొలతల వల్లే తేలింది. ఆ ధైర్యంతోనే నా మూల ఫ్రేములను, డార్కులతో సహా, విడిగా దాస్తాను. డీనాయిజ్ చేసిన బొమ్మను మరుసటి ఏడాది ఫ్రేములతో కలిపితే సగటు లెక్క కుదరదు. మూల ఫ్రేములైతే కలుస్తాయి. వచ్చే వేసవిలో ఒమేగా సెంటారీ మీద తీసేవన్నీ ఈ ఏటి కట్టలోనే చేరతాయి.