కొల్లేరు మారిందా, కెమెరా మారిందా?

1999లో కొల్లేరు సరస్సును ఐదో కాంటూరు (ఎత్తు గీత) దాకా అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో సరస్సులోని చేపల చెరువుల గట్లు కొట్టేశారు. సరస్సు ఎంత పోయింది, ఎంత తిరిగొచ్చింది అన్న వాదన లేచినప్పుడల్లా ఎవరో ఒకరు రెండు ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెడతారు. ఒకటి నీలంగా, ఇంకొకటి పచ్చగా ఉంటుంది. ఆ రంగులను నమ్మే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది: మారింది నేలా, కెమెరానా?

ఉపగ్రహం పంపేవి అంకెలు. నేలమీది ఒక్కో ముక్క నుంచి ఎంత వెలుగు పైకి వచ్చిందో ఒక్కో అంకె చెబుతుంది. కెమెరా పాతబడినా, సూర్యుడు కిందికి వాలినా, గాలిలో పొగమంచు ఉన్నా నేల మారకుండానే అంకె మారిపోతుంది. అందుకే కాటా సరిచూశాకే తూకం వేసినట్టు, ముందు కెమెరాను సరిచూస్తారు. ల్యాండ్‌శాట్-8 ఉపగ్రహం నెలకోసారి, పున్నమి దరిదాపుల్లో, చంద్రుడి వైపు తిరిగి కొలత తీసుకుంటుంది. చంద్రుడి నేల మారదు కాబట్టి తేడా వస్తే అది కెమెరాదే. లిబియా ఎడారి ఇసుకనూ ఇలాగే వాడతారు. అమెరికాలోని నెవాడాలో రైల్‌రోడ్ వ్యాలీ అనే ఎండిన సరస్సు ఉంది. ఉపగ్రహం నెత్తిమీదుగా వెళ్లే వేళకు శాస్త్రవేత్తలు పరికరాలు పట్టుకుని ఆ నేలమీద నడుస్తూ వెలుగు కొలుస్తారు. ఈ విద్యలో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించేది ఆ నడకే.

తర్వాత చిత్రాలను ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చాలి. ల్యాండ్‌శాట్-8 చిత్రంలో ఒక్కో చుక్క, 30 మీటర్ల పిక్సెల్, అంటే దాదాపు 22 సెంట్ల నేల. కూర్పు ఒక్క పిక్సెల్ జరిగినా ప్రతి గట్టు పక్కనా లేని మార్పు పుట్టుకొస్తుంది. 1972 నాటి తొలి ల్యాండ్‌శాట్‌లో పిక్సెల్ ఎకరానికి పైమాటే. దానితో సన్నని గట్ల లెక్క తేల్చబోవడం తప్పు.

కొల్లేరులో అసలు చిక్కు నీటితోనే. సమీప పరారుణ కాంతిలో నీరు నల్లగా, పచ్చదనం మెరుస్తూ కనిపిస్తుంది. కానీ దమ్ము చేసి నాట్లు వేసిన వరిచేను కూడా నీరులాగే నల్లగా ఉంటుంది. గుర్రపుడెక్క కమ్మేసిన సరస్సేమో పచ్చని పొలమై కూర్చుంటుంది. కాబట్టి ఆగస్టు చిత్రాన్ని ఏప్రిల్ చిత్రంతో పోల్చి సరస్సు కుంచించుకుపోయిందనో, పెరిగిందనో చెబితే ఆ మాటకు విలువ లేదు. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక తీసిన చిత్రం మేలు: చేలు ఎండి ఉంటాయి, నీరున్న చెరువులు నిలిచి ఉంటాయి. అప్పుడు కూడా చెరువునూ సరస్సునూ విడదీసేది రంగు కాదు, ఆకారం. తిన్నని గట్లు, చదరపు మూలలు మనిషి పని. బుడమేరు, తమ్మిలేరు వాగులు తెచ్చిన నీరు అలా గీత గీసినట్టు నిలవదు. ఇక వానాకాలంలో మబ్బు పడితే ఈ కెమెరాలు గుడ్డివే. అప్పుడు రాడార్ చిత్రాలే దిక్కు.

ఇంత చేశాక కూడా సరస్సులోని లంక గ్రామాలకు వెళ్లి, పటంలో చెరువన్న చోట నిజంగా చెరువుందో లేదో చూడాలి. ఆ తనిఖీ లేని పటాన్ని నేను ఒప్పుకోను. దాని మీద ఆధారపడి ఒకరి గట్టు తెగుతుంది, ఒకరి జీవనం పోతుంది, లేదా సరస్సే పోతుంది.

ల్యాండ్‌శాట్ భాండాగారం 2008 నుంచి అందరికీ ఉచితం. 10 మీటర్ల సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలూ ఉచితమే. ఏలూరు, భీమవరం కాలేజీల పిల్లలు వాటిని తెరిచి తమ ఊరి నేలను తామే కొలవాలి. ఎవరైనా ‘అప్పుడు, ఇప్పుడు’ అంటూ రెండు బొమ్మలు చూపిస్తే ఏ నెలలో తీశారు, ఏ కెమెరాతో తీశారు, నేలమీద ఎన్ని చోట్ల సరిచూశారు అని మీరూ అడగండి.