చూపు కుదిరాకే గురి

నూజివీడు సీమలో మామిడిని పాత పద్ధతిలో నాటినవాళ్ళు చెట్టుకీ చెట్టుకీ 10 మీటర్ల ఎడం వదిలేవారు. హనుమాన్ జంక్షన్ దగ్గర హైవే దిగి నూజివీడు దారి పడితే, బాపులపాడు చుట్టుపక్కల చిన్నరసం, బంగినపల్లి ముదురు తోటలు తగులుతాయి. మొదటి చెట్టును ఆనుకుని వరస వెంట చూస్తే మూడో చెట్టు 20 మీటర్ల దూరం, పదకొండోది 100 మీటర్లు, ఇరవై ఒకటోది 200. వేట రైఫిల్‌కి బిగించే స్కోపు అనే దుర్భిణి సంగతి అర్థం కావడానికి ఈ వరసే మంచి కొలబద్ద. ఏ చెట్టు దగ్గర ఏ జంతువు నిలబడుతుంది, అది మనమీదికి రావడానికి ఎంతసేపు పడుతుంది అన్నది తేలితే స్కోపు ఎంపిక సగం తేలినట్టే.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు మన దేశంలో సరదా వేటకు చోటు లేదు. ఆఫ్రికాలో నమీబియా, దక్షిణాఫ్రికా, టాంజానియా లాంటి దేశాల్లో మాత్రం లైసెన్సుల మీద ఇంకా సాగుతోంది. అక్కడి వేటగాళ్ళు జంతువులను రెండు తరగతులుగా చూస్తారు. తిరగబడి మనిషిని చంపగల ఏనుగు, అడవి దున్న, సింహం, చిరుత ఒక తరగతి. బయళ్ళలో మేస్తూ, మనిషి అలికిడి అయితే పరుగు లంకించుకునే ఇంపాలా, కుడూ లాంటి జింక జాతులు రెండోది. తెలుగు నేలకూ ఈ తేడా తెలుసు. నల్లమల పెద్దపులి మొదటి తరగతి, కర్నూలు బయళ్ళ కృష్ణజింక రెండోది.

స్కోపు లేని రోజుల్లో

1902లో వైస్రాయ్ కర్జన్ నిజాం రాజ్యానికి వచ్చినప్పుడు వరంగల్ దగ్గర నెక్కొండలో పులి వేట జరిగింది. చచ్చిన పులి వెనక కర్జన్ దంపతులు నిలబడ్డ ఫొటో లాలా దీన్‌దయాళ్ స్టూడియోది. ఆ కాలపు పులి వేటలో దూరాన్ని తుపాకీ జయించేది కాదు, ఏర్పాటు జయించేది. పులి నడిచే దారి తెలిసిన గ్రామస్థులు, దాన్ని తోలుకొచ్చే డప్పులు, చెట్టు మీద మంచె, కింద కట్టేసిన దున్నపోతు దూడ. ఇవన్నీ కలిసి పులిని రెండు మూడు చెట్ల దూరానికి తెచ్చేవి. అంత దగ్గరికి వచ్చాక గురికి గొట్టం కొసన మొన, వెనక గాడి చాలు.

బయళ్ళలో జింకకు ఇంకో ఉపాయం. రోజూ పొలాలకు పోయే ఎడ్లబండికి జింక అలవాటు పడి ఉంటుంది. వేటగాడు బండి చాటున నడుస్తూ, తిన్నగా దాని మీదికి పోకుండా చుట్టు తిరిగి దగ్గరయ్యేవాడు.

బెంగళూరులో ఉండి చిత్తూరు, కడప అడవుల్లో తిరిగిన కెన్నెత్ ఆండర్సన్ చామల లోయ పులి గురించీ, మామండూరు పులి గురించీ రాశాడు. ఆయన చేతిలో ఉన్నది .405 వించెస్టర్. రాత్రి మంచె మీద కూర్చున్నప్పుడు ఆయనకు అక్కరకొచ్చింది తుపాకీకి బిగించిన టార్చి లైటు. చీకట్లో పులి వచ్చాక ఎక్కడ ఉందో కనిపించాలి, అంతే. అంత దగ్గర దాన్ని పెద్దది చేసి చూపే సాధనంతో పనేముంది?

ఈ పాతవాళ్ళ పద్ధతిలో ఒక క్రమం ఉంది. ముందు దూరం తగ్గించు, తర్వాత గుర్తుపట్టు, ఆ తర్వాతే మీట నొక్కు. మంచి స్కోపు ఈ క్రమానికి సాయం చేస్తుంది. చెడ్డ ఎంపిక దాన్ని తిరగేస్తుంది.

మూడో చెట్టు దగ్గర దున్న

స్కోపు మీద 3-9×40 అని ఉంటే, బొమ్మను 3 రెట్ల నుంచి 9 రెట్ల వరకు పెంచుకోవచ్చనీ, ముందు అద్దం అడ్డకొలత 40 మిల్లీమీటర్లనీ అర్థం. కొత్తగా కొనేవాడి చూపు ముందు ఆ 9 మీద పడుతుంది. బొమ్మను పెంచిన కొద్దీ కనిపించే మేర కుంచించుకుపోతుందన్నది దుకాణంలో గుర్తుకురాదు.

9 రెట్ల దగ్గర, పదకొండో చెట్టు చోట కనిపించేది సుమారు నాలుగున్నర మీటర్ల వెడల్పు. అదే మూడో చెట్టు దగ్గరికొస్తే మీటరు కూడా ఉండదు. ఆఫ్రికా అడవి దున్న అక్కడ నిలబడితే స్కోపు నిండా నల్లటి చర్మమే. భుజమో, తొడో, పక్కనున్న ఇంకో దున్నో తెలియదు. గాయపడ్డ దున్న గంటకు 50 కిలోమీటర్ల వేగం అందుకోగలదు. ఆ వేగంతో వస్తే మూడో చెట్టు నుంచి మన దగ్గరికి రెండు సెకన్లు కూడా పట్టదు.

అందుకే ప్రమాదకరమైన జంతువుల వేటకు వెళ్ళేవాళ్ళు 1-4, 1-6 రకాలు పెట్టుకుంటారు. 1 మీద ఉంచితే బొమ్మ మామూలు కంటికి కనిపించినంతే ఉంటుంది. పదకొండో చెట్టు దగ్గర 30 మీటర్ల పైచిలుకు మేర కనిపిస్తుంది. రెండు కళ్ళూ తెరిచి గురి చూడొచ్చు. లోపలి గురి గీతల సంగతీ చూసుకోవాలి. నీడలో నిలబడ్డ నల్ల దున్న మీద సన్నటి నల్ల గీతలు మాయమైపోతాయి. బయట లావుగా, నడుమ సన్నగా ఉండే గీతలు, మధ్యలో వెలిగే చిన్న ఎర్ర చుక్క ఉన్నవి ఇక్కడ పనికొస్తాయి.

ఇంకొకటి తన్ను. దున్న వేటకు ఆఫ్రికాలో చాలాచోట్ల .375 కంటే చిన్న తుపాకీని ఒప్పుకోరు. 1912లో వచ్చిన .375 హాలండ్ అండ్ హాలండ్ ఈనాటికీ ఆ పనికి ప్రమాణం. అది భుజాన్ని గట్టిగా తంతుంది. స్కోపు వెనక అద్దానికీ కంటికీ మధ్య 9, 10 సెంటీమీటర్ల ఎడం లేకపోతే ఆ అంచు వచ్చి కనుబొమ మీద కొడుతుంది. నెలవంకలాంటి కోత పడుతుంది. పైకి గురిపెట్టినప్పుడు తల ఇంకా ముందుకు జరుగుతుంది కాబట్టి ఆ ఎడం ఇంకా కొంచెం ఉన్నా మంచిదే.

బిగింపు సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. తూటా లేదని రెండుసార్లు చూసుకోవాలి. కళ్ళు మూసుకుని, తుపాకీ మడమను భుజానికి ఆనించి, చెంపను హాయిగా కర్ర మీద వాల్చాలి. అప్పుడు కళ్ళు తెరవాలి. తల ఇంచు కూడా కదపకుండా స్కోపులో గుండ్రంగా, అంచు చుట్టూ నల్లనీడ లేకుండా నిండు బొమ్మ కనిపించాలి. నీడ కనిపిస్తే స్కోపును రింగుల్లో ముందుకో వెనక్కో జరిపి మళ్ళీ మొదలుపెట్టాలి. తల వెతుక్కుంటూ కదిలితే అక్కడ ఒక సెకను పోతుంది, దున్న ఇచ్చేది రెండు కూడా కాదు. అద్దం పగిలినా, వానకు మసకబారినా క్షణంలో ఊడదీసే బిగింపు, కింద మామూలు మొన, గాడి ఉండాలనేది కూడా ఇందుకే.

ఇరవై ఒకటో చెట్టు దగ్గర జింక

బయళ్ళ జింక మీదికి రాదు. అది నిలబడే చోటు పదకొండో చెట్టుకీ ఇరవై ఒకటో చెట్టుకీ మధ్య, ఒక్కోసారి ఇంకా అవతల. మూడు కర్రలు కట్టిన ఊత మీద రైఫిల్ ఆనించి, ఊపిరి కుదుటపరచుకునే వ్యవధి ఉంటుంది. ఇక్కడ 3-9 లేదా 2-10 బాగా పనిచేస్తుంది. ఆ పై రెట్లు పెట్టుకుంటే గుండె కొట్టుకోవడం కూడా బొమ్మలో వణుకై కనిపిస్తుంది. ఎండవేళ బయళ్ళ మీద వేడిగాలి సుడులు పెద్దవై బొమ్మ ఈదుతున్నట్టుంటుంది.

స్కోపు మీది సర్దుబాటు చక్రం తిప్పితే టిక్కు టిక్కుమంటుంది. సాధారణంగా ఒక్కో టిక్కుకు తూటా తగిలే చోటు 100 మీటర్ల దగ్గర సుమారు 7 మిల్లీమీటర్లు జరుగుతుంది. మూడేసి తూటాలు కాల్చి, ఎక్కడ పడ్డాయో చూసి సరిచేసుకున్నాక మళ్ళీ అదే రకం తూటాలే వాడాలి. తూటా మారితే లెక్క మారుతుంది.

వెలుగు లెక్క అన్నిటికంటే సులువు. ముందు అద్దం కొలతను రెట్లతో భాగిస్తే కంటిలోకి వచ్చే కాంతిపుంజం వెడల్పు వస్తుంది. 40ని 9తో భాగిస్తే నాలుగున్నర మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. చీకట్లో వయసులో ఉన్నవాడి కంటిపాప 7 మిల్లీమీటర్ల వరకు విచ్చుకుంటుంది, వయసు మళ్ళినవాడిది అంతకంటే తక్కువ. జర్మనీలో వెన్నెల రాత్రుల్లో ఎత్తైన మంచె మీద కూర్చుని అడవి పందుల కోసం కాచేవాళ్ళు 8×56 వాడతారు. 56ని 8తో భాగిస్తే సరిగ్గా 7. పట్టపగలు ఆఫ్రికా బయలులో ఆ బరువు దండగ.

కరెంటు తీగకు చూపు లేదు

ఇంత వివరం మనకెందుకు అనొచ్చు. మన పొలాల మీద అడవి పందులు పడుతున్నాయి. వాటిని చంపాలంటే వన్యప్రాణి అధికారుల రాతపూర్వక అనుమతి ఉండాలి. పంట కాపాడుకోవడానికి ముందు నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు 1959 ఆయుధాల చట్టంలోనే ఉంది. కానీ చాలాచోట్ల జరుగుతున్నది వేరు. చేను చుట్టూ కరెంటు తీగ, దారిలో నాటు బాంబు. తీగకు పందీ చిరుతా ఒకటే, తెల్లవారుజామున చేనికొచ్చిన మనిషీ ఒకటే. పాత వేటగాడి విద్యలో ఎంచదగ్గ విలువ ఇక్కడుంది. ఎదురుగా ఉన్నది ఏమిటో తేల్చుకునే దాకా చెయ్యి ఆపడం. పిల్లలున్న తల్లా, దాని వెనక ఇంకేమైనా ఉందా, గాయపడి తప్పించుకుంటే వెతికి పట్టగలమా అని చూసుకోవడం.

ఆ తేల్చుకునే పని స్కోపుతో చేయకూడదన్నది అనుభవజ్ఞుల మొదటి నియమం. స్కోపు తిరిగిన వైపే తుపాకీ గొట్టమూ తిరుగుతుంది. తోటలో కదిలింది పంది కావచ్చు, కాయలు ఏరుకునే కూలీ కావచ్చు. మెడలో బైనాక్యులర్ ఉండాలి, చూపు దానితో. నిర్ణయం అయ్యాకే తుపాకీ లేవాలి.

టెక్సస్‌లో స్థిరపడ్డ మనవాళ్ళకు ఈ సంగతులు నేరుగా పనికొస్తాయి. అక్కడ ప్రైవేటు భూమిలో, యజమాని ఒప్పుకుంటే, అడవి పందుల వేటకు 2019 నుంచి హంటింగ్ లైసెన్సు కూడా అక్కర్లేదు. పొదల్లో ఎదురయ్యే పందికి 1-6 చాలు. పక్కవాడు 25 రెట్లది కొన్నాడని డబ్బు పోయనక్కర్లేదు.

ఇక్కడున్నవాళ్ళకు బైనాక్యులర్ మిగులుతుంది. బాపులపాడుకు కొల్లేరు దగ్గరే. ఆటపాక పక్షి కేంద్రంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకుంటాయి. దుకాణంలో 20 రెట్లు, 30 రెట్లు అని ఊరించే చౌక సరుకు జోలికి పోవద్దు. 8×42ది అడగండి, 42ని 8తో భాగిస్తే 5కు పైనే వస్తుంది. పొద్దువాలే వేళకు అది చాలు. 8×42 తీసుకుని గుమ్మం బయటికి నడవండి. మసక మూలనున్న బోర్డు మీది అక్షరాలు చదవండి, ఎగిరే కాకిని వెంబడించండి. అక్షరం వణక్కుండా, కాకి చేజారకుండా ఉంటే డబ్బు కట్టండి.