ఎఫెసీ 5:21ని విడిచిన వివాహ ప్రసంగము

మన సంఘములలో వివాహ ప్రసంగము తరచుగా ఎఫెసీ 5:22తో ప్రారంభమగుచున్నది. ఇది వ్యాఖ్యాన లోపమని మేము తలంచుచున్నాము. పి46 పపైరస్, వాటికనస్ అను ప్రాచీన గ్రీకు ప్రతులలో 22వ వచనమునకు స్వంత క్రియాపదము లేదు. లోబడుట అను భావమును 21వ వచనము నుండియే గ్రహింపవలెను. అక్కడ లోబడుట పరస్పరము. 25వ వచనము భర్తను క్రీస్తు చూపిన త్యాగప్రేమకు బద్ధునిగా చేయుచున్నది.

21ని విడిచినయెడల, భార్యను హింసించు భర్త చేతికి వాక్యమునే ఆయుధముగా ఇచ్చినవారమగుదుము. అకుల, ప్రిస్కిల్ల కలిసి డేరాలు కుట్టిరి, కలిసి అపొల్లోకు బోధించిరి, తమ యింట సంఘమును చేర్చుకొనిరి (అపొ.కా. 18:3, 26, 1 కొరింథీ 16:19). పరస్పర విధేయతయే అట్టి జంట పరిచర్యకు పునాది. కావున కాపరులమైన మనము నూతన దంపతులకు 21 నుండి 33 వరకు సంపూర్ణముగా బోధింపవలెను.