రాజుగారికి అంతా గుర్తుంది

ఫిలింనగర్‌లో పౌరాణికం కథ చెప్పడానికి వెళ్లిన రచయితను నిర్మాత తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "మరి హీరో మీద నెగెటివ్ రాదా?" కథలో రాజు భార్యను కాదన్నా, అడవికి పంపినా, జూదంలో ఒడ్డినా అడిగేది ఇదే. దానికో జస్టిఫికేషన్ సీను కావాలి. అలాంటి సీను రాయడంలో మన రచయితలందరికీ పెద్ద గురువు కాళిదాసు.

మహాభారతం ఆదిపర్వంలోని శకుంతల కథలో ఉంగరం లేదు, చేప లేదు, దుర్వాసుడు లేడు. కణ్వాశ్రమంలో దుష్యంతుడు ఆమెను గాంధర్వ వివాహం చేసుకున్నాడు. తనకు పుట్టే కొడుకే యువరాజు కావాలని ఆమె ముందే షరతు పెట్టింది, ఆయన సరేనన్నాడు. ఏళ్లు గడిచినా పిలుపు రాలేదు. చివరికి కొడుకును వెంటబెట్టుకుని ఆమే సభకు వెళ్లింది. రాజుకు అంతా గుర్తుంది. గుర్తుండే, నువ్వెవరో నాకు తెలియదన్నాడు.

పదకొండో శతాబ్దంలో నన్నయ ఈ ఘట్టాన్ని తెనిగిస్తూ శకుంతల చేత గట్టిగా వాదింపజేశాడు. నూతుల దగ్గర మొదలై, బావులు, యజ్ఞాలు, కొడుకులు దాటుకుంటూ సత్యం దాకా మెట్లెక్కే ఆ పద్యం తెలుగు వాచకాల్లో ఎందరో చదువుకున్నదే. బళ్లో దాన్ని నీతిపద్యంగా బట్టీ పట్టించారు. నిండు సభలో మొగుడి అబద్ధాన్ని నిలదీస్తున్న ఇల్లాలి మాట అది అని ఎంతమంది మాస్టార్లు చెప్పారో!

కాళిదాసు ఈ కథలోకి శాపం తెచ్చాడు. నాటకం గొప్పదే, అందులో పేచీ లేదు. కానీ ఆ ఒక్క దెబ్బతో రాజు నిర్దోషి అయిపోయాడు. మొగుడి ధ్యాసలో పడి గుమ్మంలోకి వచ్చిన ముని కేక వినిపించుకోని పిల్ల నెత్తికి నేరం చుట్టుకుంది. అబద్ధమాడే రాజు పోయి మతిమరుపు రాజు మిగిలాడు. మతిమరుపుతో ఎవరు మాత్రం ఏం వాదిస్తారు?

మన సినిమాకు ఇది మహా వీలైన ఏర్పాటు. 1966లో కమలాకర కామేశ్వరరావు ఎన్.టి.రామారావు, బి.సరోజాదేవిలతో తీసిన 'శకుంతల', 2023 ఏప్రిల్ 14న విడుదలైన గుణశేఖర్ 'శాకుంతలం' రెండూ కాళిదాసు బాటే పట్టాయి. రెండోదాన్ని త్రీడీలో కూడా చూపించారు. టైటిల్ ఆమెది, టైటిల్ పాత్రలో సమంత. శాపమిచ్చే మునికి మోహన్‌బాబు అంతటి గొంతు దొరికింది. ఇంత హంగులోనూ నన్నయ శకుంతలకు చోటు కుదరలేదు. ఆమె వస్తే హీరో అబద్ధాలకోరని తేలిపోతుంది మరి.

అదే 2023లో కోస్తాంజా కసాటి ఇంగ్లిషు నవల 'క్లైటెమ్నెస్ట్రా' వచ్చింది. ట్రాయ్ యుద్ధానికి బయల్దేరిన ఓడలకు గాలి వీయడం కోసం అగమెమ్నాన్ సొంత కూతురు ఇఫిజీనియాను బలిచ్చాడు. పదేళ్ల తర్వాత గెలిచి ఇంటికొస్తే భార్య క్లైటెమ్నెస్ట్రా అతన్ని చంపింది. క్రీ.పూ. 458 నాటి ఈస్కిలస్ నాటకంలోనే ఆమె ఊరి పెద్దలను నిలదీస్తుంది: కన్నబిడ్డను చంపినవాణ్ని వెలివేయని మీరు ఇవాళ నాకు తీర్పు చెప్పడానికి వచ్చారా అని. కాకపోతే ఆ నాటకం మొగుడు తిరిగొచ్చే రోజున మొదలవుతుంది. కసాటి నవల స్పార్టాలో ఆమె ఆడపిల్లగా ఉన్న రోజుల నుంచి నడుస్తుంది. హత్య అదే, హతుడూ అతనే. కథ ఎత్తుకునే చోటు మారేసరికి పాఠకుడు కూర్చునే వైపు మారిపోయింది.

ఈ విద్య మనవాళ్లకు రాదనడం అన్యాయం. 1977 సంక్రాంతికి వచ్చిన 'దానవీరశూరకర్ణ'లో ఎన్.టి.రామారావు కర్ణుడు, కృష్ణుడు, దుర్యోధనుడు మూడు వేషాలూ వేసి, కొండవీటి వేంకటకవి మాటలతో దుర్యోధనుడి పక్షాన నిలబడి హాళ్లలో ఈలలు వేయించారు. అంతటి దుర్యోధనుడి భార్య భానుమతిగా వేసిన ప్రభను మాత్రం జనం ఇవాళ డ్యూయెట్‌తోనే గుర్తుపెట్టుకున్నారు. ఆ ఏడాదే గ్రీసులో మైకేల్ కకోయానిస్ 'ఇఫిజీనియా' తీశాడు. అందులో తల్లి ఐరీన్ పాపస్. ఓడల వైపు ఆమె చూసే చూపులో పదేళ్ల తర్వాతి హత్య అప్పుడే కనిపిస్తుంది. ఇక్కడ అన్యాయమైపోయిన రాజుకు సినిమా దక్కింది, అక్కడ రాణికి దక్కింది.

తెలుగులో ఆ పని కాగితం మీద జరిగింది. చేసింది ఓల్గా. 1986 నుంచి 1995 వరకు ఆమె ఉషాకిరణ్ మూవీస్ స్క్రిప్ట్ విభాగంలో ఉన్నారు. అంటే సిట్టింగుల లోగుట్టు తెలిసిన మనిషే. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న 'విముక్త' కథల్లో సీత శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలుస్తుంది. రాముణ్ని తిట్టిపోసే ఊసే లేదు. పైగా చివరి కథ 'బంధితుడు' రాముడిదే. రాణి వైపు నుంచి చెప్పాలంటే రాజును విలన్ చేసి తీరాలని భయపడే నిర్మాతలకు ఈ పుస్తకం ఒక్కటి చేతిలో పెడితే చాలు. మార్గరెట్ అట్‌వుడ్ 2005లో రాసిన 'పెనెలోపియాడ్' ఇంకో మెలిక వేసింది. అందులో రాణి తన గోడు చెప్పుకుంటుంటే, ఉరికంబమెక్కిన పన్నెండు మంది దాసీలు మధ్యలో అడ్డుతగులుతారు, మా సంగతేమిటని.

మళ్లీ దుష్యంతుడి సభకు వస్తే, అక్కడ మన ఆ రెండు సినిమాలూ తీయని సీను ఒకటి పడి ఉంది. ఆకాశవాణి సాక్ష్యం చెప్పాక, నాకు ముందే తెలుసు, లోకం ఏమనుకుంటుందోనని అలా అన్నానని రాజు సభ ఎదుటే ఒప్పుకుంటాడు. ఆపైన సంస్కృత మూలంలో ఒక మాట కలుపుతాడు: కోపంలో నువ్వు నన్నన్న పరుషమైన మాటలన్నీ క్షమించాను అని. క్షమించింది ఆయన! దానికి శకుంతల ఏమందో వ్యాసుడు రాయలేదు. బట్టలు, అన్నపానాలు ఇచ్చి ఆదరించాడని చెప్పి, కొడుకు పట్టాభిషేకానికి వెళ్లిపోయాడు.